అతిథి దేవుడే, కానీ అరకు అడుగుతాడు

విశాఖలో కూతురి పెళ్ళి తలపెట్టిన తండ్రి పురోహితుడి కన్నా ముందు టెంపో ట్రావెలర్ డ్రైవర్‌ని కలవాలి. ముహూర్తం రాత్రి పది దాటాక ఉందంటే, పొద్దుటి టిఫినుకీ తాళికీ మధ్య ఊరికే కూర్చున్న బంధువు అంత ప్రమాదం మండపంలో మరొకటి లేదు. వంటవాళ్ళ దగ్గరికెళ్ళి పప్పులో ఉప్పు చూస్తాడు. పెట్టుపోతల లెక్కలు అడుగుతాడు. ఆ బెడద తప్పించడానికే షోడశ సంస్కారాలకి పదిహేడోదిగా ఊరు చూపించడం చేర్చుకున్నాం.

చిక్కంతా అరకుతోనే. "పక్కనే కదా బాబూ" అంటారు. పక్కన అంటే సుమారు 115 కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు, పోను మూడు గంటల పైమాటే. ఆరింటికి బండి అంటే ఎనిమిదిన్నరకి కదులుతుంది, లాడ్జిలో వేడినీళ్ళు అప్పటికి గానీ అందరికీ రావు. పొద్దున్నే వెళ్ళే కిరండూల్ రైలుకి అద్దాల బోగీ ఉంది గానీ, దానికి శుభలేఖ అచ్చుకిచ్చిన రోజే టికెట్లు తీయాలి. పైగా ముందురాత్రి సంగీత్‌లో రెండింటిదాకా ఎగిరినవాళ్ళు ఆ వేళకి లేవరు.

ఘాట్ ఎక్కేవాళ్ళకి రెండు ఇడ్లీలు చాలు, పూరీ వద్దు. వాంతి మాత్ర బండెక్కడానికి అరగంట ముందే వేయాలి, మలుపుల్లో వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. వెనక సీటు ఎక్కువ ఊగుతుంది కాబట్టి కడుపు తిప్పేవాళ్ళని ముందు కూర్చోబెట్టి, భోజనాలకి వంకలు పెట్టేవాళ్ళకి వెనక సీటు గౌరవంగా ఇవ్వాలి. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మలని పైనే కాఫీతో ఆపాలి. బొంగులో చికెన్ నిప్పుల మీద నిదానంగా ఉడికేది. దిగగానే చెప్పి ఊరు చూడ్డానికి వెళ్ళాలి. ఆకలేశాక చెబితే ముహూర్తం కూడా బొంగులోనే ఉడుకుతుంది.

అరకు వద్దని ఒప్పించగలిగితే ఊళ్ళోనే పని జరుగుతుంది. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, మరుసటి ఏడు మ్యూజియం అయింది. ముప్పై ఏళ్ళు శత్రువుకి చిక్కని నౌక పెళ్ళివారికి చిక్కింది. సోమవారం సెలవు. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు ద్వారాలు. కంచిపట్టు కట్టిన వియ్యపురాలిని పంపితే మధ్యలో ఆగిపోయి వెనక లైను మొత్తం నిలబడుతుంది.

సింహాచలం సరే. అప్పన్న అక్షయ తృతీయనాడే నిజరూపం చూపిస్తాడు, మిగతా రోజుల్లో చందనమే. మగపెళ్ళివారు మాత్రం విస్తరి ముందు రోజూ చూపిస్తారు. పెళ్ళి సరిగ్గా ఆ తృతీయకే పడితే, కొండకి వెళ్ళినవాళ్ళు అప్పగింతలకి వచ్చినా అదృష్టమే.

సాయంత్రం ఆర్కే బీచ్. ఈ ఒక్క మాటా వెక్కిరింత కాదు: అల వెనక్కి లాగుతుంది, పిల్లలు పాదాలు తడుపుకుంటే చాలు. మూరీ మిక్స్చర్ అక్కడికక్కడే తినాలి. నిమ్మరసం, టమాటా పడ్డ మరమరాలు పార్శిల్ కడితే రూముకి చేరేసరికి ముద్ద. ఇంటికి పట్టుకెళ్ళడానికి గోధుమపాల మాడుగుల హల్వా ఉండనే ఉంది.

చివరగా, డ్రైవర్‌కి ముహూర్తం గంట ముందుకి జరిపి చెప్పండి. బంధువులకి రెండు గంటలు. అసలు సమయం పురోహితుడికి మాత్రమే, అదీ ఆయనకి ఆ రాత్రి ఇంకో పెళ్ళి లేదని తేలాక.