ముందు బుడమేరు, తర్వాతే నైమెఖెన్

పర్యావరణం, నీటి నిర్వహణ, సామాజిక న్యాయం చదవడానికి విదేశాలకు వెళ్దామనుకునే విద్యార్థులు విజయవాడ, గుంటూరు రెండు నగరాల్లోనూ ఉన్నారు. ఎమ్మెస్ అంటే కంప్యూటర్లే అనుకునే బెంజ్ సర్కిల్, బ్రాడీపేటలకు ఇది ఆహ్వానించదగ్గ మార్పు. అయితే ఆ పేరు మీద అమ్ముడుపోయేదంతా చదువు కాదు. రెండు వారాలు నాలుగు నగరాలు తిప్పి, చివరి రోజు సర్టిఫికెట్ చేతిలో పెట్టే 'సస్టైనబిలిటీ ఇమ్మర్షన్'ను విహారయాత్ర అనడమే నిజాయితీ. హైదరాబాద్ నుంచి ఐరోపాకు విమానంలో వెళ్లి వస్తే ఒక్కో ప్రయాణికుడి వాటాకు టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. సగటు భారతీయుడి లెక్క ఏడాది మొత్తానికి రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. పర్యావరణం పేరుతో అంత పొగ వదిలినప్పుడు కనీసం ఒక సెమిస్టరైనా అక్కడ ఉండి చదవాలి. రెండు వారాల యాత్రలకు యూనివర్సిటీలు డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు ఇవ్వకూడదని మా అభిప్రాయం.

అంతకన్నా ముఖ్యమైనది వెళ్లే ముందు ఇక్కడ ఏం చూశారన్నది. నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌ను తీసుకుందాం. వాల్ నది ఆ ఊరి దగ్గర వంపు తిరిగి ఇరుకైపోతుంది. 1993, 1995 వరదల తర్వాత డచ్ ప్రభుత్వం కట్టలు ఎత్తు పెంచుకుంటూ పోవడం మాని, నదికే చోటు వదిలే పథకం చేపట్టింది. అందులో భాగంగా అవతలి ఒడ్డున లెంట్ దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన మరో కాలువ తవ్వారు. దాని కోసం సుమారు 50 ఇళ్లు తీసేయాల్సి వచ్చింది. నీటి ఇంజినీరింగ్ చదివేవాళ్లను తీసుకెళ్లి చూపించే చోటు అది. మన విద్యార్థి కొత్త కాలువను ఫొటో తీసుకుని వస్తే ప్రయోజనం లేదు. ఆ 50 ఇళ్ల వాళ్లను ఎవరు ఒప్పించారు, ఎన్నేళ్లు పట్టింది, ఎంత ఇచ్చారు, వద్దన్నవాళ్ల మాట ఎక్కడ విన్నారు అని అడగాలి.

ఆ ప్రశ్న రావాలంటే విజయవాడను ముంచిన బుడమేరు వాగు తెలిసి ఉండాలి. 2024 సెప్టెంబరులో వెలగలేరు రెగ్యులేటర్ దిగువన, వాగు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఇది కాలువ వెడల్పు సమస్య మాత్రమే కాదు. నీరు ముందు చేరేది పల్లపు వీధుల్లోకి. ఆ వీధుల్లో అద్దెకుండేది ఆటో డ్రైవర్లు, రోజుకూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వాగుకు చోటు వదలాలంటే ఎవరి ఇళ్లు తీయాలన్న ప్రశ్న ఇక్కడ నైమెఖెన్‌ కన్నా చాలా పెద్దది. 2013 భూసేకరణ చట్టం సొంత భూమి లేకపోయినా మూడేళ్లుగా దాని మీద బతుకుతున్న కౌలుదార్లను, కూలీలను ప్రభావిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. పట్టా లేకుండా గట్టు మీద ఇల్లు వేసుకున్నవాళ్ల సంగతి దానితో తేలదు. వెలగలేరు నుంచి సింగ్ నగర్ దాకా నాలుగు ఆదివారాలు నడిచి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీది మరకలను టేపుతో కొలిచి, ఇంటివాళ్లతో మాట్లాడి రాసుకున్న విద్యార్థికి డచ్ ప్రొఫెసర్ ముందు కూర్చుంటే అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది.

సామాజిక న్యాయం విషయంలోనూ అంతే. దక్షిణాఫ్రికా వెళ్లే విద్యార్థి బృందాలకు కేప్ టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం చూపిస్తారు. 1966లో ఆ ప్రాంతాన్ని తెల్లవారిదిగా ప్రకటించి, అరవై వేల మందికి పైగా జనాన్ని అక్కణ్నుంచి వెళ్లగొట్టారు. చూడాల్సిన చోటే. తెనాలి పక్కన చుండూరు కూడా చూడాల్సిన చోటే. 1991 ఆగస్టు 6న అక్కడ దళితులను ఊచకోత కోశారు. విచారణ కోర్టు ఊళ్లోనే జరగాలని బాధితులు పోరాడి సాధించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. వర్ణవివక్ష మీద ఇరవై పేజీలు రాయగలిగి ఈ కేసు పేరే వినని గుంటూరు విద్యార్థి ఉంటే ఆ తప్పు పిల్లలది కాదు, సిలబస్‌ది.

ఇక కాగితాల సంగతి. సెమిస్టర్ చదువులు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి, పరీక్షలు ఆ తర్వాతే. మన ఐదో సెమిస్టర్ డిసెంబరుకల్లా ముగుస్తుంది. ఆరో సెమిస్టర్ కోసం జనవరిలో తిరిగొచ్చిన విద్యార్థి అక్కడ పరీక్ష రాయనట్టే, క్రెడిట్లు రానట్టే. ఏప్రిల్‌లో మొదలయ్యే వేసవి సెమిస్టర్ మనకు కొంత కుదురుతుంది. స్వీడన్‌లో ఆగస్టు చివర మొదలై జనవరి మధ్యలో అయిపోతుంది. ఏడో సెమిస్టర్‌లో వెళ్తే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు పోతాయన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఐరోపా క్రెడిట్ ఒకటి 25 నుంచి 30 గంటల పనికి సమానం, సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. మన సబ్జెక్టులకు అవి ఎలా సరిపోతాయో లర్నింగ్ అగ్రిమెంట్ అనే ఒప్పంద పత్రంలో కోర్సు కోడ్లతో సహా రాయించి, ఇక్కడి డీన్ సంతకం పెట్టించుకున్నాకే టికెట్ కొనాలి. అక్కడ చేరిన మొదటి వారంలో కోర్సు రద్దయిందనో, జర్మన్‌లో మాత్రమే చెబుతారనో తేలడం మామూలే. మార్చుకున్న కోర్సుకు మళ్లీ సంతకాలు తెప్పించుకోకపోతే తిరిగొచ్చాక బ్యాక్‌లాగ్‌గా చూపిస్తారు. 'మెయిల్ పెట్టాం కదా' అంటే పరీక్షల విభాగం వినదు.

డబ్బు విషయంలో ఎక్కువమంది పొరబడేది 'ఉచితం' అన్న మాట దగ్గర. రెండు యూనివర్సిటీలు ఒప్పందం మీద విద్యార్థులను మార్చుకునే ఎక్స్ఛేంజ్‌లో అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇక్కడి ఫీజు మాత్రం కట్టాల్సిందే. జర్మనీలో పూర్తి డిగ్రీకి వెళ్లేవాళ్లు అక్కడి ఖర్చుల డబ్బు ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. నెలకు 992 చొప్పున మాత్రమే చేతికి వస్తాయి. పచ్చదనానికి పేరుమోసిన ఫ్రైబుర్గ్‌ను చాలామంది ఎంచుకుంటారు. అది బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తుంది. జర్మనీలో ఫీజుల్లేవని అప్పు లెక్క వేసుకున్న కుటుంబానికి రెండేళ్లలో ఆరు వేల యూరోలు అదనంగా మీద పడతాయి. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ దొరికితే ట్యూషన్ ఫీజు బెడద లేకుండా నెలకు 1,400 యూరోలు వస్తాయి, కనీసం రెండు దేశాల్లో చదువు. చాలా కోర్సుల గడువు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తుంది. దరఖాస్తు నేరుగా కోర్సు వెబ్‌సైట్‌లోనే. మధ్యలో కన్సల్టెన్సీతో పనిలేదు, బహుశా అందుకే దాని గురించి కన్సల్టెన్సీల్లో వినపడదు.

పేద విద్యార్థికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 125 మందికి. అందులో 115 ఎస్సీలకు, మిగిలినవి సంచార, విముక్త జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు. అయితే 2022లో మార్గదర్శకాలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలను ఈ స్కాలర్‌షిప్ నుంచి మినహాయించారు. ఇవి ఇక్కడే చదువుకోవచ్చన్నది సర్కారు వాదన. మురుగుకాల్వల్లోకి మనుషుల్ని దించడం మీదో, చుండూరు మీదో బయటి దేశంలో పరిశోధన చేద్దామనుకున్న దళిత విద్యార్థికి దీంతో దారి మూసుకుపోయినట్టే. సొంత డబ్బున్నవాళ్లు ఏ అంశమైనా ఎంచుకోవచ్చు, స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డవాళ్లు మాత్రం తమ బతుకు గురించి రాయకూడదు. ఈ నిబంధన ఎత్తేయాలి. మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

ఎందుకు చదవాలనుకుంటున్నామో చెబుతూ దరఖాస్తుతో జతచేసే ఎస్‌ఓపీ వ్యాసాల్లో 'చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఇష్టం' అనే వాక్యం నూటికి తొంభైసార్లు కనిపించేదే. దాని బదులు గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో నెల రోజులు పనిచేసి రాస్తే బరువుంటుంది. పోర్చుగల్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిని 2024లో పంచుకున్న కార్యక్రమమది. ఆ వ్యవసాయంలో పొలానికి వాడే జీవామృతాన్నే చూడండి: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో రెండు రోజులు పులియబెడితే ఎకరాకు సరిపడా ద్రవ జీవామృతం. పూటకోసారి కర్రతో కలపడం మరిచినా, డ్రమ్ము ఎండలో పెట్టినా పాడవుతుంది. ఆవు లేని కౌలు మహిళ ఈ పేడ ఎక్కడ తెచ్చుకుంటుంది, మోసే కూలి ఎవరిస్తారు? నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ లాంటి వ్యవసాయ యూనివర్సిటీకి దరఖాస్తు రాసేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఈ ప్రశ్నతో.

పరిశోధకులు అటు నుంచి మన పల్లెలకూ వస్తారు. పొదుపు సంఘాల ఆడవాళ్లు పనులు మానుకుని వాళ్ల ప్రశ్నపత్రాలకు జవాబులు చెబుతారు, ఫలితమేంటో వాళ్లకు తెలియదు. వచ్చే విద్యార్థులైనా, వెళ్లొచ్చే విద్యార్థులైనా నివేదిక సారాంశం నాలుగు పేజీలు తెలుగులో రాసి, సమాచారం ఇచ్చిన సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. మాట్లాడిన ప్రతి మనిషికీ సగం రోజు కూలి లెక్కగట్టి ఇవ్వాలి. ఈ రెండూ పూర్తయ్యాకే క్రెడిట్లు నమోదు చేయాలని యూనివర్సిటీలు ఈ విద్యా సంవత్సరం నుంచే నిబంధన పెట్టవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, అకడమిక్ కౌన్సిల్ తీర్మానం చాలు.