డీజిల్ కారులో మంచు చూడ్డానికి వెళ్తున్నారా, ముందు ట్యాంకు సంగతి చూడండి

మన బెజవాడలో డీజిల్ గడ్డకడుతుందంటే ఎవరూ నమ్మరు. నిజమే, సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఇక్కడ 15 డిగ్రీల కిందకి దిగడం అరుదు. అందుకే ఇక్కడ తిరిగే బండికి చలికాలం మందు కలపమని ఎవరైనా సీసా చేతిలో పెడితే డబ్బులు తగలేయకండి. నేను చెప్పేది డిసెంబర్, జనవరిలో సొంత డీజిల్ కారేసుకుని మనాలి, స్పితి అని బయల్దేరే వాళ్లకి, టైర్లకి చైన్లు కొంటారు, స్వెటర్లు కొంటారు, ట్యాంకులో ఏం పోశామో మాత్రం ఒక్కరూ ఆలోచించరు.

పోయిన జనవరిలో నేనూ మా బావా మనాలి దగ్గర అటల్ టన్నెల్ దాటి సిస్సు అనే ఊళ్లో రాత్రి ఆగాం. పైన బంకులు దొరుకుతాయో లేదో అని కింద మైదానంలోనే ఫుల్ ట్యాంక్ కొట్టించాం. పొద్దున్నే సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది, హమ్మయ్య అనుకునేలోపే ఆగిపోయింది, మళ్లీ కొడితే మళ్లీ అంతే. ఆ ఊరి డ్రైవర్ ఒకాయన డీజిల్ ఫిల్టర్ విప్పి చూపించాడు, కాగితం మడతల నిండా పేరుకున్న నెయ్యిలా మైనం. మా బావ కొంచెం తీసి వేళ్ల మధ్య రుద్దితే ఆ వేడికే కరిగిపోయింది.

చలికాలం మనింట్లో కొబ్బరినూనె సీసా ఎలా గడ్డకడుతుందో ఇదీ అంతే. డీజిల్‌లో మైనం మొదట్నించీ ఉండేదే, చలికి ముందు మబ్బుపట్టినట్టు అవుతుంది, తర్వాత ఆ మైనం రవ్వలు పోయి ఫిల్టర్‌కి అడ్డం పడతాయి. మన దేశంలో మామూలు బంకుల్లో చలికాలం పోసే డీజిల్‌కి ఫిల్టర్ మూసుకునే హద్దు 6 డిగ్రీలు, అంటే చలి అంతకంటే దిగితే ఫిల్టర్ మూసుకుపోవచ్చు, ఎండాకాలం దానికి 18. మరి సున్నా కిందకి పోయే చోట ఆ డీజిల్‌ని నమ్ముకుంటే ఎలాగండీ?

నాకు ఒళ్లుమండేది సలహాలిచ్చే వాళ్లని చూస్తే. కిరసనాయిలు కలుపు, లీటర్ పెట్రోల్ కొట్టు, ట్యాంకు కింద మంట పెట్టు! కిరసనాయిలు పాత లారీ ఇంజిన్లకి నడిచిందేమో గానీ ఇప్పటి కామన్ రైల్ బండ్లలో, అంటే డీజిల్‌ని బాగా ఒత్తిడి పెట్టి ఇంజెక్టర్లకి పంపే బండ్లలో, హై ప్రెషర్ పంపుకి జిడ్డు ఇచ్చేదే డీజిల్, అది పలచబడితే పంపు, ఇంజెక్టర్లు రెండూ అరిగిపోతాయి, ఆ బిల్లు చూస్తే ట్రిప్ ఖర్చు చిన్నదైపోతుంది. పెట్రోల్ కలిపితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా, దయచేసి ఆ పని చెయ్యకండి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కొండెక్కే ముందు కింది డీజిల్ వీలైనంత వాడేసి, చలి ప్రాంతం బంకులో మంచు ప్రాంతాల కోసమే చేసిన వింటర్ డీజిల్ ఉందేమో అడిగి నింపుకోండి, లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో తెచ్చిన రకం సున్నా కింద 33 డిగ్రీల దాకా పారుతుంది. అది దొరకని చోటికైతే డీజిల్ గడ్డకట్టకుండా కలిపే యాంటీ జెల్ మందు, సీసా మీద రాసిన కొలతే, డీజిల్ ఇంకా నీళ్లలా ఉన్నప్పుడే పోయాలి. మైనం కట్టాక పోస్తే అది కరిగించదు, ముందే పోస్తే రవ్వలు పెద్దవి కాకుండా ఆపుతుంది. పోశాక కొన్ని కిలోమీటర్లు నడపండి, ఆ డీజిల్ పైపుల్లోకి, ఫిల్టర్‌లోకి చేరాలి కదా.

ఫిల్టర్‌లో నీళ్లు కూడా తీయించండి, మైనం కంటే ముందు గడ్డకట్టేది ఒక్కోసారి అవే. మా తమ్ముడు వచ్చే నెల గుంటూరు నుంచి బయల్దేరుతున్నాడు, మొన్న ఆదివారం వాడి బండి ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి టీ గ్లాసు పట్టాం, సగం దాకా నీళ్లే వచ్చాయి.