సవరణ: కింగ్ హత్య జరిగింది అట్లాంటాలో కాదు

పోయిన వారం మా అట్లాంటా (అమెరికా) యాత్ర గురించి రాస్తూ, నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఆయన బోధించిన ఎబెనెజర్ చర్చిలోనే కాల్చి చంపారని రాశాను. అది తప్పు. కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతుంటే, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా బావ "మెంఫిస్ కదప్పా?" అన్నాడు. ఇంటికొచ్చి అట్లాంటాలో తీసిన బోర్డుల ఫొటోలు, అక్కడి కింగ్ స్మారక పార్కు వాళ్ల సమాచారం మళ్లీ చదివాను. బావ మాటే నిజం.

కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లోని లొరేన్ మోటెల్ బాల్కనీలో కాల్చారు. ఎబెనెజర్ చర్చిలో తూటాకు బలైంది ఆయన తల్లి అల్బెర్టా. 1974 జూన్ 30న, ఆదివారం ప్రార్థనలో ఆర్గాన్ వాయిస్తుండగా. కొడుకు పోయిన ఆరేళ్లకు! అక్కడ విన్న ఈ రెండు సంగతులనూ నేనే కలిపేశాను.

ఆబర్న్ అవెన్యూలో ఆయన పుట్టిన ఇల్లు, నీళ్ల మధ్య భార్య కొరెట్టా పక్కనే ఉన్న సమాధి గురించి రాసినవి సరైనవే.

ఇంకొకటి. పోయిన వారం నేను రాసిన ఖర్చు చూసి, కడప నుంచి ఇద్దరు పాఠకులు పార్కు టికెట్ అంత ఎక్కువా అని అడిగారు. అది టాక్సీ ఖర్చు. పార్కులోకి ప్రవేశం ఉచితం.