విశాఖపట్నం ఎన్ని అక్షరాల ఊరు?

ఈ వేసవి సెలవులకు డల్లాస్ నుంచి వచ్చిన మా మనవడిని ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి, ఒక సాయంత్రం చిన్న లెక్క ఇచ్చాను. విశాఖపట్నం అన్న పేరులోని అక్షరాలన్నింటినీ ఒక వరుసలో ఎన్ని విధాలుగా అమర్చవచ్చు? పన్నెండేళ్ళ పిల్లవాడు చకచకా కాగితం మీద రాసుకుని, గుణించి, భాగించి, 25,94,59,200 అని చెప్పాడు. నా కాగితం మీద నేను అప్పటికే 120 అని రాసి ఉంచాను. అది చూసి, "అమ్మమ్మా, నువ్వు ఏదో మరిచిపోయావు" అన్నాడు.

నిజానికి ఇద్దరిలో ఎవరమూ తప్పు చేయలేదు. వాడు ఇంగ్లీషు లిపిలో ఊరి పేరు రాసుకున్నాడు. అందులో పదమూడు అక్షరాలు ఉన్నాయి, వాటిలో 'ఎ' నాలుగుసార్లు వస్తుంది, కనుక 13 ఫాక్టోరియల్‌ను (అంటే 1 నుంచి 13 దాకా అన్ని సంఖ్యల లబ్ధాన్ని) 4 ఫాక్టోరియల్‌తో భాగించాడు. నేను తెలుగులో రాసుకున్నాను. వి, శా, ఖ, ప, ట్నం అనే అయిదు అక్షరాలూ వేరువేరు, కనుక 5 ఫాక్టోరియల్ అంటే 120. ఎవరైనా ట్నం అన్న దాన్ని కూడా విడదీసి, టకారాన్నీ నకారాన్నీ సున్నానూ వేరువేరుగా లెక్కపెడితే మూడో జవాబు వస్తుంది, అదీ తన మేరకు సరైనదే. లెక్కించడంలో మొదటి ప్రశ్న ఏ సూత్రం వాడాలన్నది కాదు, దేన్ని 'ఒకటి'గా తీసుకుంటున్నామన్నది. ఆ ప్రశ్న వేసుకోకుండానే మా వాడు జవాబు దాకా వెళ్ళిపోయాడు. నేను జూనియర్ కళాశాలలో ప్రస్తారాలు (వరుసలో అమర్చే విధాలు), సంయోగాలు (వరుసతో పని లేకుండా ఎంచుకునే విధాలు), సంభావ్యత (ఒకటి జరిగే అవకాశం ఎంతన్నది) బోధించిన 30 ఏళ్ళలో చాలామంది మంచి విద్యార్థులు కూడా అలాగే వెళ్ళిపోయేవారు.

మా అమ్మాయి స్నేహితులు అక్కడి నుంచి తరచు నన్ను అడిగే ప్రశ్న, పిల్లలకు రోజుకు ఎన్ని లెక్కలు ఇవ్వాలి, ఏ అభ్యాస పుస్తకం కొనాలి అని. విధాలను లెక్కించడమనే ఈ ఒక్క అంశం విషయంలో ఆ ప్రశ్నే సరైనది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. బీజగణితంలో ఒక సమీకరణాన్ని సాధిస్తే, వచ్చిన విలువను తిరిగి ప్రతిక్షేపించి తప్పొప్పులు తానే తేల్చుకునే వీలు విద్యార్థికి ఉంటుంది. 'ఎన్ని విధాలు' అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును ప్రతిక్షేపించడానికి చోటే లేదు. తప్పు సంఖ్య కూడా ఒప్పు సంఖ్యంత నిబ్బరంగా కాగితం మీద నిలబడుతుంది. అందుచేత పుస్తకం చివర ఉన్న జవాబుతో పోల్చుకుంటూ వంద లెక్కలు చేసిన పిల్లవాడికి తన ఆలోచనలో లోపం ఎక్కడ ఉందో తెలియదు. ఒకే లెక్కను వేరువేరు దారుల్లో రెండుసార్లు చేసి, రెండు జవాబులూ కలిసేదాకా వదలని పిల్లవాడికి మాత్రం అది తెలుస్తుంది.

అమెరికాలోని మీ తెలుగు సంఘం ఉగాది వేడుకనే ఉదాహరణగా తీసుకుందాం. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు ఉన్నారు. వారిలో ముగ్గురిని వ్యాఖ్యాతలుగా ఎంచుకోవాలి, కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చు? చాలామంది చేసే పద్ధతి వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. ముందు ఒక అమ్మాయిని ఎంచుకుంటే నియమం తీరిపోతుంది, దానికి 3 విధాలు. మిగిలిన ఆరుగురిలో ఎవరైనా ఇద్దరిని తీసుకోవడానికి 15 విధాలు. మొత్తం 45. ఈ వాదనలో ఎక్కడా లోపం కనిపించదు. అయితే ఏ నియమమూ లేకుండా ఏడుగురిలో ముగ్గురిని ఎంచుకునే విధాలే 35 అని గుర్తు చేసినప్పుడు పిల్లలు ఉలిక్కిపడతారు. నియమం పెట్టిన తరువాత విధాలు పెరగడం అసాధ్యం కదా.

ఇక్కడే ఆగి, తొందరపడకుండా, తప్పు ఎక్కడ జరిగిందో వెదకాలి. అందరూ అబ్బాయిలే అయ్యే జట్లు 4 కనుక, 35 నుంచి వాటిని తీసివేస్తే 31 వస్తుంది. అమ్మాయిల సంఖ్యను బట్టి విడివిడిగా లెక్కిస్తే, ఒకే అమ్మాయి ఉన్న జట్లు 18, ఇద్దరున్నవి 12, ముగ్గురూ ఉన్నది 1. ఇవీ కలిపితే 31. రెండు దారులూ కలిశాయి. అంటే 45లో ఎక్కువ వచ్చినవి 14. ముందుగా లక్ష్మిని ఎంచుకుని తరువాత సీతను చేర్చుకున్న జట్టూ, ముందు సీతను ఎంచుకుని తరువాత లక్ష్మిని చేర్చుకున్న జట్టూ ఒకటే అయినా, మన పద్ధతి వాటిని రెండుగా లెక్కించింది. ఇద్దరమ్మాయిలున్న ఆ 12 జట్లూ ఒక్కొక్కటి రెండుసార్లు పడ్డాయి, ముగ్గురమ్మాయిల జట్టు మూడుసార్లు పడింది. పన్నెండూ రెండూ కలిపితే ఆ 14 కచ్చితంగా తేలుతుంది. తన తప్పు ఎంతో, ఎందుకో ఇలా చివరి అంకె దాకా లెక్కచెప్పగలిగిన పిల్లవాడు ఆ తప్పును మళ్ళీ చేయడం నేను చాలా అరుదుగా చూశాను. ఈ ఒక్క లెక్కకు ముప్పావు గంట పట్టినా అది వృథా కాదు.

సంభావ్యతకు వచ్చేసరికి మరొక చిక్కు చేరుతుంది. రెండు నాణేలు ఎగరవేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒక్కొక్కటి అని మూడే ఫలితాలు కనుక ప్రతిదాని సంభావ్యతా మూడింట ఒకటి అని పిల్లలు అంటారు. వారిని కోప్పడవద్దు. 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో దలాంబేర్ వంటి గొప్ప గణితవేత్త, రెండుసార్లు ఎగరవేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత మూడింట రెండు వంతులని ఇదే తరహాలో వాదించాడు. బొమ్మ తరువాత బొరుసు, బొరుసు తరువాత బొమ్మ వేరువేరు ఫలితాలు కనుక మొత్తం నాలుగు, సరైన విలువ నాలుగింట మూడు వంతులు. ఫలితాలను లెక్కించడం వేరు, అవి సమసంభవాలా, అంటే అన్నింటికీ సమాన అవకాశం ఉందా అని విచారించడం వేరు.

దీన్ని నేర్పడానికి అష్టాచమ్మాను మించిన సాధనం నాకు దొరకలేదు. నాలుగు గవ్వలు వేస్తే పదహారు ఫలితాలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. వెల్లకిలా, బోర్లా పడటానికి సమాన అవకాశం ఉంటే చమ్మాకూ అష్టాకూ చెరొక పదహారో వంతు రావాలి. మా మనవడు రెండు సాయంత్రాలు గవ్వలు వేస్తూ గీతలు గీసుకుంటూ పోతే, అవి సమంగా రాలేదు. గవ్వ నాణెం కాదు, దాని రెండు వైపులూ ఒకటి కావు. మరి ఎన్నిసార్లు వేస్తే గవ్వ స్వభావం తెలుస్తుంది అని వాడే అడిగాడు. మన అంచనాలో పొరపాటు సగానికి తగ్గాలంటే నాలుగింతలు వేయాలని చెప్పాను. అటువంటి అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని 1945లో చూపించిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితంలో ఎం.ఏ. చదివింది మా ఊరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే అని చెప్పినప్పుడు వాడి ముఖంలో కనిపించిన ఆసక్తి నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇక్కడ ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అక్కడ బడిపిల్లల గణిత పోటీ ఏఎంసీ 8లో 25 ప్రశ్నలకు 40 నిమిషాలు. ఆ పరీక్షలు ఉంటాయి, పిల్లలు రాస్తారు, వేగమూ అవసరమే. కానీ ఆ వేగాన్ని మొదటి ఏడాదిలోనే, గడియారం ముందు పెట్టుకుని అలవాటు చేయడాన్ని నేను అంగీకరించలేను. లెక్కింపులో వేగం, సందర్భాలను విడదీయడం చేతికి వచ్చిన తరువాత దానంతట అదే వస్తుంది. ముందే తరిమితే పిల్లలు 'వరుస ముఖ్యమైతే ఈ సూత్రం, కాకపోతే ఆ సూత్రం' అని బట్టీపట్టి, వ్యాఖ్యాతల లెక్కలో 45 దగ్గర ఆగిపోతారు.

మీ సంఘం వారాంతపు తెలుగు బడికి నాది ఒక సూచన. లెక్క చేసే ముందు, దేన్ని లెక్కిస్తున్నామో పిల్లల చేత ఒక పూర్తి తెలుగు వాక్యంగా రాయించండి. దానికి కావలసిన లెక్కలు మన పద్యాల్లోనే ఉన్నాయి. ప్రస్తారం అన్న మాట ఛందస్సులో గురులఘువుల అమరికకు పేరైనదే. మీ పిల్లలు బడిలో వల్లించే వేమన పద్యాల ఆటవెలదిలో సరిపాదానికి అయిదు సూర్యగణాలు. సూర్యగణాలు నగణం (మూడు లఘువులు), హగణం (గురువు, లఘువు) అని రెండే, కనుక పాదానికి 32 రకాల గణాల వరుసలు. బేసిపాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణాలు ఆరు, కనుక 2×2×2×6×6, అంటే 288. నాలుగు పాదాలకూ కలిపి 8,49,34,656. మొదటి వారం ఈ పెద్ద సంఖ్య జోలికి పోవద్దు. న, హ అని రాసిన కాగితపు చీటీలు ఇచ్చి, ఆ 32 వరుసలనూ ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కటి కూడా రెండుసార్లు రాకుండా బల్ల మీద పేర్పించండి. ఏ క్రమంలో పేరిస్తే వదిలిపోలేదని నమ్మకం కలుగుతుందో వారినే కనిపెట్టనివ్వండి. తరువాత, సరిగ్గా రెండు హగణాలున్న వరుసలు ఎన్నో బల్ల మీదే లెక్కపెట్టి చూసి, అయిదు స్థానాల్లో రెండింటిని ఎంచుకునే సూత్రంతో వచ్చే 10తో సరిపోల్చుకోమనండి.