బరువు గొలుసు వేస్తే పెద్ద కుక్క లొంగుతుందా? ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకీ జవాబు

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కల్ని అదుపులో పెట్టే పద్ధతి అని పేరు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బరువైన ఇనుప గొలుసు వాడండి, మెడకి సన్నటి బెల్టు బిగించండి, హార్నెస్‌ల (మెడకి కాకుండా ఛాతీకీ వీపుకీ తొడిగే పట్టీల) జోలికి పోకండి, గొలుసుని చేతికి రెండు చుట్లు చుట్టుకోండి, మెత్తటి పిడి డబ్బు దండగ, ఆడవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ ఇలాంటి కుక్కల్ని బయటికి తిప్పకూడదు. చివర్లో "ఎద్దుకి ముకుతాడు ఎలాగో కుక్కకి మెడ గొలుసు అలాగ" అని ముక్తాయింపు.

నాకు పర్లాకిమిడిలో బ్యాగులు కుట్టే షాపు ఉంది. స్కూలు బ్యాగులతో పాటు కుక్కల బెల్టులు, లీష్‌లు (కుక్కని పట్టుకుని నడిపించే పట్టీలు) కూడా కుడుతుంటాం. ఈమధ్య జనం ఫోన్‌లో ఈ మెసేజ్ చూపించి "అన్నా, ఇలాగే చేసిపెట్టు" అంటున్నారు. ఇలా చేస్తే దెబ్బ కుక్కకీ తగులుతుంది, మనిషికీ తగులుతుంది. ఈ మెసేజ్‌లో ఒక్క మాటలో మాత్రం సగం నిజం ఉంది, అది ఎక్కడో వరసలో చెప్తాను.

ముందు గొలుసు సంగతి. "ఎంత బరువుంటే అంత అదుపు" అన్నారు. బరువు వల్ల అదుపు రాదు. ఆ బరువంతా కుక్క నడుస్తున్నంతసేపూ మెడకి వేలాడుతుంది, అంతే. అసలు ప్రమాదం ఇంకోటి. గొలుసు సాగదు. 40 కిలోల కుక్క పిల్లిని చూసి గంటకి 18 కిలోమీటర్ల వేగంతో దూకిందనుకోండి, ఆ వేగంలో దాని శక్తి 500 జౌళ్ళు. అది ఆగడానికి పది సెంటీమీటర్లే దొరికితే సగటున 500 కిలోల బరువు పడినంత కుదుపు వస్తుంది. అరమీటరు దొరికితే అదే కుదుపు 100 కిలోలకి దిగుతుంది. కుక్క అదే, వేగం అదే, ఆగే దూరం ఒక్కటే మారింది. మన చెయ్యి ముందుకు సాగి, ఒళ్ళు ఊగి ఆ దూరాన్ని కొంత ఇస్తాయి కాబట్టి బతికిపోతున్నాం. మిగతాది లీష్ ఇవ్వాలి. నైలాన్ పట్టీ కాస్త సాగుతుంది, గొలుసు మొత్తం దెబ్బని అలాగే తెచ్చి భుజం మీద పెడుతుంది. అలాగని పూర్తిగా రబ్బరులా సాగేది కొనకండి, కుక్క రోడ్డు మధ్యకి వెళ్ళాక సాగడం ఆగితే ఏం లాభం? పట్టీలో ఒక జానెడు ముక్క సాగేలా ఉంటే చాలు.

గొలుసుకి ఒక మంచి గుణం ఉంది, కొరికితే తెగదు. కొరికే కుక్క అయితే కొక్కెం దగ్గర ఒక్క అడుగు సన్నటి స్టీలు గొలుసు పెట్టి మిగతాదంతా పట్టీ వేయించుకోండి. ఇంకో మాట, 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 11లో, మితిమీరి బరువైన లేదా మితిమీరి పొట్టి గొలుసుతో జంతువుని ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరమని రాసే ఉంది. ఆ చట్టం ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ఒక్కటే, మధ్యలో మహేంద్రతనయ నది దాటినంత మాత్రాన మారదు.

రెండోది మెడకి సన్నటి బెల్టు. "ఊపిరాడకపోతే అదే ఆగుతుంది" అని రాశారు. ఇది చదివి నాకు నిజంగా బాధ కలిగింది. కుక్క గొంతు ముందు భాగంలో చర్మం కిందే శ్వాసనాళం ఉంటుంది. సెంటీమీటరు వెడల్పు బెల్టు మీద పడే లాగుడు నాలుగు సెంటీమీటర్ల బెల్టు మీద పడితే ఒత్తిడి నాలుగో వంతు అవుతుంది, ఇది చిన్న క్లాసు లెక్క. వెడల్పు బెల్టుతో కూడా మెడ పూర్తిగా క్షేమం అనడానికి లేదు. 2020లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ళు కుక్క మెడ నమూనాకి రకరకాల బెల్టులు కట్టి లాగి కొలిచారు. ఏ రకం బెల్టుతో లాగినా గాయం భయం పూర్తిగా పోదని తేలింది. అంతకు ముందు 2006లో వచ్చిన ఇంకో పరిశోధనలో, మెడ బెల్టు లాగినప్పుడు కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరిగింది, హార్నెస్ లాగినప్పుడు అలా పెరగలేదు. మెడకి బెల్టు ఉండాలి, పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ళ తగిలించడానికి, రెండు వేళ్ళు దూరేంత వదులుగా. బలంగా లాగే కుక్కకి లీష్ మాత్రం దానికి తగిలించొద్దు.

ఇక హార్నెస్. సగం నిజం ఇక్కడే ఉంది. వీపు మీద మాత్రమే రింగు ఉన్న హార్నెస్ వేస్తే కొన్ని కుక్కలు ఇంకా హాయిగా, ఛాతీ ఆనించి లాగుతాయి. మంచు మీద బళ్ళు లాగే కుక్కలకి కట్టే పద్ధతి కూడా అలాంటిదే, లాగడానికే చేసిందది. దాన్ని చూసి హార్నెస్‌లన్నీ వేస్ట్ అనేశారు. ఛాతీ ముందు రింగు ఉన్న రకం సంగతి వేరు. కుక్క ముందుకి దూకితే లీష్ దాన్ని పక్కకి తిప్పుతుంది, నాలుగు కాళ్ళ బలం ఒకే దిక్కుకి పోదు. మెసేజ్‌లో వాళ్ళు చెప్పిన ముకుతాడు పోలికనే తీసుకోండి. ముకుతాడుతో ఎద్దు బలాన్ని ఎవరైనా ఓడిస్తారా? తల ఎటు తిరిగితే ఒళ్ళు అటు తిరుగుతుంది, అందుకే పదేళ్ళ కుర్రాడు కూడా ఎద్దుని తోలుకొస్తాడు. మెడకి పలుపు మాత్రమే ఉన్న ఎద్దు పరిగెత్తితే పట్టుకున్నవాడు కూడా దాని వెనకే ఈడ్చుకుపోతాడు. మెడ గొలుసు ఆ పలుపు లాంటిది, వాళ్ళ పోలిక వాళ్ళ మాటకే ఎదురు తిరిగింది.

హార్నెస్ కొనేటప్పుడు ముందు భాగం ఆంగ్ల వై అక్షరంలా ఉందా, భుజాల మీదుగా అడ్డంగా పోతోందా చూడండి. అడ్డపట్టీ ముందుకాలు చాపడానికి అడ్డం రావచ్చు. ముందు కాళ్ళ వెనక చంకలో రాసుకుని పుండు పడుతుంది, మన వైపు వానాకాలంలో తడిసిన పట్టీతో ఇంకా త్వరగా పడుతుంది, కాబట్టి చంకకీ పట్టీకీ మధ్య మూడు నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి. ఎంత మంచి హార్నెస్ వేసినా నేర్పకపోతే లాభం లేదు. లీష్ బిగిస్తే ఆగండి, వదులైతే నడవండి, రోజూ అదే పని, కొన్ని వారాలు పడుతుంది.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరం: చేతికి రెండు చుట్లు చుట్టుకోవడం. వద్దు, దయచేసి వద్దు. చుట్టిన లీష్ బిగిస్తే వదిలిపెట్టడం మన చేతుల్లో ఉండదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2001 నుంచి 2020 వరకు లెక్క తీస్తే, కుక్కని లీష్‌తో తిప్పుతూ దెబ్బ తగిలి అత్యవసర విభాగాలకి వచ్చిన పెద్దవాళ్ళు దాదాపు 4.22 లక్షల మంది. ఎక్కువగా కనిపించినవి మూడు: వేలు విరగడం, తలకి లోపలి దెబ్బ, భుజం బెణకడం. వేలు విరగడం మొదటి వరసలో ఉందంటే పట్టుకునే తీరు ఎంత ముఖ్యమో చూడండి. పిడి లూపులోకి బొటనవేలు పెట్టి, పట్టీని అరచేతిలోకి తెచ్చి గుప్పిట మూయండి. రెండో చెయ్యి పట్టీ మీద కిందగా, బ్రేకులా. పట్టు గట్టిగా ఉంటుంది, గుప్పిట తెరిస్తే వచ్చేస్తుంది.

"మెత్తటి పిడి దండగ" అన్న మాట నా పనికి సంబంధించింది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. అంగుళం వెడల్పు ఒట్టి నైలాన్ పట్టీని గట్టిగా లాగినప్పుడు అది చదునుగా ఉండదు, మడత పడి తాడులా మారి వేళ్ళ కణుపుల మీద కోస్తుంది. జారితే అరచెయ్యి కాలుతుంది. చెయ్యి నొప్పి పుడితే మనిషి పట్టు వదులుతాడు, అప్పుడు అదుపు ఎక్కడిది? అంటే పిడి మెత్తగా ఉండడం కూడా అదుపులో భాగమే. కానీ మెత్తదనం అంటే స్పాంజి పెట్టించకండి, అది లాగగానే అణిగిపోతుంది, వానకి నీళ్ళు పీల్చి వాసనేస్తుంది. యోగా చాపలో ఉండే గట్టి ఫోమ్ లేదా ఈతకొట్టేవాళ్ళ సూట్లకి వాడే రబ్బరు గుడ్డ పెట్టి, నాలుగు సెంటీమీటర్ల వెడల్పుతో కుట్టించండి. లీష్ పొడవు మీటరున్నర నుంచి మీటరున్నర పైన ఒక జానెడు, అంతకు మించొద్దు. కొక్కేనికి ఒక మూర దూరంలో రెండో పిడి తప్పనిసరి. బజారులో బస్సు, ఆవు, ఊరకుక్కలు ఒకేసారి ఎదురైతే ఆ రెండో పిడి పట్టుకునే కుక్కని పక్కకి తెచ్చుకుంటాం.

కుక్క కొరికితే తప్ప, ఎక్కువగా పోయేది పట్టీ కాదు, కుట్టూ కొక్కెమూ. నా దగ్గరికి రిపేరుకి వచ్చే లీష్‌ల్లో కొక్కెం మెడ దగ్గర, గుండ్రంగా తిరిగే చోట, అరిగి సన్నబడి ఉంటుంది. పైన నికెల్ మెరుపు, లోపల పోత జింకు, విరిగితే చాక్‌పీసులా పుటుక్కున విరుగుతుంది. ఇత్తడిది గానీ స్టెయిన్‌లెస్‌ది గానీ వేయించండి. కుట్టు చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయాలి, పాలిస్టర్ దారంతో. నూలు దారం రెండు వానలకి పుచ్చిపోతుంది.

చివరిది, ఆడవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ తిప్పకూడదన్న మాట. మా షాపుకి వచ్చే ఒక పెద్దమ్మ ఉంది, రాట్‌వైలర్‌ని తిప్పుతుంది. ఆవిడ లీష్‌కి రెండు కొక్కేలు, ఒకటి ఛాతీ రింగుకి, ఒకటి వీపు రింగుకి. వీధిలో కుక్కలు మొరుగుతూ వస్తే ఆవిడ లాగదు, ఛాతీ వైపు పట్టీని కొద్దిగా తిప్పుతుంది, కుక్క ముఖం ఆవిడ వైపు వస్తుంది, ఇద్దరూ వెనక్కి తిరిగి నడుస్తారు. ఆవిడ కంటే రెండింతలు బలం ఉన్న కుర్రాళ్ళు గొలుసుతో ఆయాసపడడం అదే వీధిలో చూశాను. కుక్కని నిర్లక్ష్యంగా ఉంచి ఎవరికైనా ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు, పట్టుకున్నది మగా ఆడా అని అక్కడ అడగరు.

ఇప్పటికే గొలుసు కొనేసినవాళ్ళు పారేయనక్కర్లేదు. కొక్కెం దగ్గర అడుగు ముక్క ఉంచి మిగతాది కోయించి, పట్టీ, రెండు పిడులు వేయించుకోండి. మా దగ్గరే అక్కర్లేదు, మందపాటి బ్యాగులు కుట్టే మిషను ఉన్న ఏ షాపులోనైనా చేసిపెడతారు. వచ్చేటప్పుడు కుక్క ఛాతీ చుట్టుకొలత, మీ అరచెయ్యి వెడల్పు, రెండూ కొలిచి తీసుకెళ్ళండి.