పిడి విప్పి చూపించు అన్నా

చేతులు ఇంకా వణుకుతున్నాయి, కోపంతో. ఇప్పుడే తిరుపతి బైరాగిపట్టెడలో అక్క వాళ్ళ ఇంటి నుంచి వచ్చాను. అన్నం కూడా తినలేదు. ముందు ఇది రాసేయాలి.

మా బావ కొత్త ఇంటి హాల్లో పెట్టుకుందామని సమురాయ్ కత్తుల సెట్టు కొన్నాడు. పెద్దది, మధ్యది, చిన్నది, మూడూ ఒక నల్ల స్టాండు మీద. 5,500 రూపాయలు. పిడికి ఎర్ర తాడు, ఒర మీద బంగారు రంగు డ్రాగన్. చూడ్డానికి బాగుంది, కాదనను. సాయంత్రం టీ తాగుతూ పెద్దదాన్ని ఒరలోంచి తీసి గాల్లో ఊపాడు. ఒక్కసారే. పిడి ఆయన చేతిలోనే ఉంది, కత్తి లేదు. అది ఎగిరిపోయి వంటింటి తలుపుకు కొట్టుకుని కింద పడింది. ఆ తలుపు పక్కనే మా మేనకోడలు, ఆరేళ్ళ పిల్ల, బొరుగుల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పిల్లకూ కత్తి తగిలిన చోటికీ మధ్య జానెడు దూరం.

అక్క కేక పెట్టింది. పిల్ల ఏడుపు. బావ ఏమన్నాడో తెలుసా? "ఏం కాలేదు కదబ్బా, షోపీసే కదా."

నా కోపమంతా ఈ మాట మీదే. షోపీసే కదా, అందానికే కదా, ఎవరిని పొడుస్తామని, ఈ మాటలు వినీ వినీ విసిగిపోయాను. గోడ గడియారం అందానికే కొన్నా ముళ్ళు తిరగాలి కదా. కత్తి రూపంలో ఉన్న వస్తువును ఇంటికి వచ్చినవాడు ఎవడైనా ఒకసారి ఒరలోంచి తీస్తాడు. తీసినవాడు ఊపుతాడు. చిన్నపిల్లలైతే మరీ. అది తెలిసి కూడా ఊపితే ఊడిపోయేదాన్ని అమ్మడం ఏం వ్యాపారం?

కింద పడిన ముక్క తీసి చూశాను. కత్తి వెనక వైపు పిడిలోకి పోయే భాగం ఒక సన్నటి కడ్డీ. చిటికెన వేలిలో సగం లావు కూడా లేదు. చివర నట్టు బిగించడానికి మరలు. ఆ కడ్డీని కత్తికి ఒక చుక్క వెల్డింగ్‌తో అతికించారు. విరిగింది సరిగ్గా ఆ చుక్క దగ్గరే. గోటితో గీకితే నల్లటి పొడి రాలింది, లోపలంతా గుల్ల. రెండున్నర అడుగుల కత్తి బరువంతా ఆ చుక్క మీద వేలాడుతోంది ఇన్నాళ్ళూ.

అసలు జపాన్ కత్తి అట్లా ఉండదు. కత్తి ఉక్కే ఒకే ముక్కగా పిడి లోపలికి, చాలా లోతుగా పోతుంది. ఆ భాగాన్ని నకగో అంటారు. దానికి రెండు వైపులా చెక్క బద్దలు, వాటి మీద రే చేప తోలు, ఆ పైన తాడు చుట్టు. పిడినీ ఉక్కునూ కలిపి పట్టుకునేది అడ్డంగా దిగిన ఒక చిన్న వెదురు చీల, మెకుగి. చిన్న సుత్తితో ఆ చీలను తట్టి తీస్తే పిడి మొత్తం ఊడి చేతికొస్తుంది, లోపల ఏముందో కళ్ళారా చూడొచ్చు. ఇంకో సంగతి చెప్తా, నాకు చాలా ఇష్టమైన సంగతి. పాత కాలం జపాన్ కమ్మరి తన పేరు చెక్కుకున్నది ఆ నకగో మీదే. బయటికి కనపడే చోట కాదు, పిడి కింద దాక్కునే చోట. ఎవరూ చూడని చోటు కూడా నాదే, దానికి జవాబు నాది అన్నట్టు.

మీలో చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతుంటారు, తక్కువ డబ్బులో మంచి కతానా, అంటే జపాన్ పొడుగు కత్తి, ఏది అన్నా అని. ఇన్నాళ్ళూ ఓపిగ్గా ఒక్కొక్కరికీ చెప్పాను. ఈరోజు అందరికీ కలిపి చెప్తున్నా. షాపులో మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "పిడి విప్పి చూపించు అన్నా." ఆన్‌లైన్ అయితే పిడి తీసిన ఫొటో పంపమను. పంపనన్నాడా, వచ్చేయ్. చీల ఉండాల్సిన చోట గమ్ము పెట్టి మూసేశాడా, వచ్చేయ్. పిడి పట్టుకుని మెల్లగా కదిలిస్తే లోపల టకటకమందా, అది మూడు వందలదైనా ముప్పై వేలదైనా ఒకటే.

రెండోది ఉక్కు. మా బావకు అమ్మినవాడు "స్టెయిన్‌లెస్ స్టీలు సార్, జన్మలో తుప్పు పట్టదు" అన్నాడంట. తుప్పు పట్టదు, నిజమే. వంటింట్లో చిన్న చాకుకు అది మంచిదే. అంత పొడుగు కత్తికి అలాంటి చౌక స్టెయిన్‌లెస్ పెళుసు, దెబ్బ తగిలితే పుటుక్కుమంటుంది. గట్టి కత్తికి కార్బన్ స్టీలు కావాలి. 1045, 1060, 1095 అని నంబర్లు చూస్తుంటారు కదా, చివరి రెండంకెలే కార్బన్ పాళ్ళు. 1060 అంటే సుమారు 0.60 శాతం. 1045 కొంచెం మెత్తన, వంగినా విరగదు, ధర తక్కువ. 1095 బాగా గట్టిది, కానీ వేడిచేసి చల్లార్చే పని సరిగ్గా చేయకపోతే పెళుసవుతుంది. తక్కువ బడ్జెట్‌లో ఆ పని సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ, కాబట్టి దాని జోలికి పోకండి. 1060 చాలు. ఈ ధరల్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం చైనాలో లాంగ్‌చువాన్ అనే ఊరివే. ఊరు చైనాదని చిన్నచూపు వద్దు, అక్కడ కత్తుల పని శతాబ్దాల నాటిది. చెత్తా అక్కడిదే, మంచిదీ అక్కడిదే. తేడా తెలిసేది మళ్ళీ పిడి విప్పితేనే.

ఇక ఆ షాపువాడి కబుర్లు. కత్తి పొడుగునా ఉన్న గాడి "రక్తం కారడానికి సార్" అన్నాడంట! ఆ గాడి బరువు తగ్గించడానికి. కత్తి వేగంగా ఊపితే వచ్చే సుయ్యిమనే శబ్దం కూడా దానివల్ల పెరుగుతుంది. "వెయ్యిసార్లు మడిచిన ఉక్కు సార్" అన్నాడంట. పదిసార్లు మడిస్తేనే 1024 పొరలవుతాయి, వెయ్యిసార్లు ఎవడు మడుస్తాడు? జపాన్ వాళ్ళు మడిచింది గొప్ప కోసం కాదు. ఇనప ఇసుకను కొలిమిలో కరిగించి తీసిన ఉక్కు అంతటా ఒకేలా ఉండేది కాదు, మడిచి మడిచి కొట్టి దాన్ని సమం చేశారు. ఇప్పటి ఫ్యాక్టరీ ఉక్కుకు ఆ అవసరమే లేదు. అంచు వెంబడి అలల్లాంటి తెల్లగీత, హమోన్, అది నిజానికి వెన్నుకు మట్టి మందంగా పూసి అంచును గట్టిపరిస్తే వస్తుంది. బావ కత్తి మీదున్నది యాసిడ్‌తో వేసింది. ప్రతి అల కూడా పక్కదానికి అచ్చుగుద్దినట్టుంది. దానికి ఇంకో 800 ఎక్కువ తీసుకున్నాడు.

ఆ కత్తి పక్కనే "డమాస్కస్" అని, అంటే ఉక్కులోనే నీటి అలల్లాంటి చారలుండే పాతకాలపు రకమని, ఇంకోటి పెట్టాడంట. అదీ యాసిడ్ గీతలే. ఇక్కడ నా కడుపు ఇంకా మండింది. డమాస్కస్ కత్తులకు ఉక్కు పోయింది మన దక్షిణాది నుంచే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్ళు. తెల్లవాళ్ళు ఊట్జ్ అన్నది మన దక్షిణాది ఉక్కు అనే మాటనే. ఆ ఉక్కు చేసిన చేతుల వారసులను మనం ఎట్లా చూస్తున్నామో నేను చెప్పాలా?

పాకాల దగ్గర మా ఊళ్ళో కొలిమి తాత ఉండేవాడు. లారీ కమాను పట్టీ తెచ్చి కోసి, ఎర్రగా కాల్చి, దాగలి మీద కొట్టి కత్తి చేసేవాడు. లారీ బరువు మోసి వంగి మళ్ళీ నిటారుగా నిలిచే ఉక్కు అది, కత్తికి అంతకంటే ఏం కావాలి? నూనెలో ముంచినప్పుడు వచ్చే చప్పుడు విని, "ఆ, ఇది కుదిరింది" అనేవాడు. మా నాయన ఒక మచ్చుకత్తి చేయించాడు. తాత 600 అడిగితే నాయన గంటసేపు గీసి గీసి 350 ఇచ్చాడు. ఆ కత్తితో మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా టెంకాయలు కొడుతున్నాం. పిడి ఒక్కసారి మార్చాం. ఉక్కు అట్లాగే ఉంది. తాత పోయాడు. కొడుకు కొలిమి ఎత్తేసి రేణిగుంట స్టేషన్ కాడ ఆటో నడుపుతున్నాడు. అడిగితే "యాడ గిట్టుబాటవుతుంది సామీ, అందరూ బేరమే" అన్నాడు.

మా బావ కూడా అంతే. పోయిన దసరాకు చంద్రగిరిలో కమ్మరి దగ్గర కత్తి కొంటూ యాభై రూపాయల కోసం అరగంట నిలబడ్డాడు, నేను పక్కనే ఉన్నాను, సిగ్గేసింది. అదే మనిషి ఏసీ షాపులో ఒక్క ప్రశ్న అడగకుండా 5,500 ఇచ్చి, కవరు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. జపాన్‌లో లైసెన్సున్న కమ్మరి నెలకు రెండు పొడుగు కత్తులకు మించి చేయకూడదని నియమం. తొందరలో పని చెడగొట్టకూడదని. మనకు చేసేవాడి పేరే అక్కర్లేదు.

సరే. నా దగ్గరున్నది 1060, పదును పెట్టనిది. మూడేళ్ళ కింద 12,000 పెట్టాను. ఒక్కటే, సెట్టు కాదు. మూడు కత్తుల డబ్బు ఒక్కదానిలో పెట్టండి. పట్టుకుంటే కిలో, కిలోంపావు ఉండాలి, గడ్డపారలా ఉండకూడదు. ఒరలో పెడితే బిగుతుగా ఆగాలి, వంచగానే జారి బయటికి రాకూడదు. స్టాండు మాధవమాల చెక్క పనివాళ్ళతో చేయించాను, అడిగినంత ఇచ్చాను. అంచు పైకి ఉండేలా పెట్టాలి. కార్బన్ స్టీలు కాబట్టి వేలిముద్ర పడినా తుప్పే. 2021 నవంబరు వానల్లో వారం రోజులు పట్టించుకోకపోతే నా పాత కత్తి మీద ఎర్రచుక్కలు లేచాయి. జపాన్ వాళ్ళు లవంగ నూనె కలిపిన నూనె రాస్తారు, నేను కుట్టుమిషన్ నూనె రాస్తున్నాను, నెలకోసారి, పల్చగా.

పదునున్నది కావాలనే వాళ్ళకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ఉంది, ఇంటి పనికీ పొలం పనికీ కాకుండా 9 అంగుళాలు దాటిన కత్తులు దాని లెక్కలోకి వస్తాయి. విదేశాల నుంచి తెప్పించుకోవాలన్నా లైసెన్సు కావాలి. "ఎవరూ అడగరు సార్" అనే షాపువాడి మాట నమ్మి కొనకండి, ముందు స్టేషన్‌లో కనుక్కోండి. కొన్నాక అది ఇంట్లోనే ఉండాలి. జాతరకనీ ఫొటోలకనీ రోడ్డు మీదికి తేవద్దు.

ఇంతవరకూ రాస్తుంటే అక్క ఫోన్ చేసింది. బావ ఎం-సీల్ తెప్పించాడంట. కడ్డీ అతికించి రేపు గోడకు తగిలిస్తాడంట, "చేత్తో ముట్టుకోకపోతే సరిపోతుంది కదా" అంటున్నాడంట.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కోపమొచ్చినా సరే, అతికించొద్దు. పొద్దున ఏడింటికి వస్తున్నా, ఆ మూడూ నాకిచ్చెయ్. నువ్వు మేకు కొట్టిన గోడ కిందే పాప మంచం ఉంది.