తోమడం వేరు, మెరుగు పెట్టడం వేరు

ఇంటిపనిలో మగవాళ్లు చెయ్యి వెయ్యరనే అపవాదు చాలాకాలంగా ఉంది. దానికి నేను పోయిన ఆదివారం, కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో, వంటగది సింకు ముందు నిలబడి రెండున్నర గంటలపాటు సమాధానం చెప్పాను. 16 బిలియర్డ్స్ బంతులు కడిగాను.

ముందు భాష సంగతి తేల్చుకుందాం. అంట్లు తోముతారు. బట్టలు ఉతుకుతారు. ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెడతారు. ఇవన్నీ మా ఇంట్లో ఇతరులు వాడుకునే క్రియలు. బంతులకు మాత్రం మెరుగు పెడతారు, కంసాలి నగకు పెట్టినట్టు. నీళ్లు, సబ్బు, గుడ్డ అవే కావచ్చు. కానీ క్రియ మారితే హోదా మారుతుంది.

మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఒక పూల్ టేబుల్ ఉంది. కురుకురేలు తిన్న చేతులతో పిల్లలు బంతుల్ని దొర్లించుకుంటారు. పెద్దలు దాని మీద కొరియర్ డబ్బాలు పెడతారు. రోజూ పద్ధతిగా ఆడేది రెండో బ్లాకులో ఉండే ఒక రిటైర్డ్ ఇంజినీరుగారు ఒక్కరే. తెల్లబంతి టీ రంగుకు తిరిగిందని ఆయనే ఫిర్యాదు రాశారు. అపార్ట్‌మెంటు సంఘం జాయింట్ సెక్రటరీ హోదాలో ఆ బాధ్యత నేను భుజానికెత్తుకున్నాను, అక్షరాలా. కూరగాయల సంచిలో వేస్తే 16 బంతులూ రెండున్నర కిలోలు దాటాయి. లిఫ్టులో ఒకావిడ సంచి చూసి, "బంగినపల్లులా అన్నయ్యగారూ, కిలో ఎంత?" అని అడిగింది.

ఇంట్లో ఇంకా అన్యాయం. "బంతులు కడగాలి" అంటే మా అత్తగారు, "బంతిపూలు కడిగితే వాడిపోవూ అల్లుడుగారూ?" అన్నారు. అంట్లు తోమడానికొచ్చే అమ్మాయి సంచిలో తొంగిచూసి, "గివేం గుడ్లు సార్, గింత గట్టిగున్నయ్?" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. "సింకు ఎటువైపుందో మీకు తెలుసే!" అని మాత్రం ఆశ్చర్యపోయింది.

విధానం చెబుతాను, శ్రద్ధగా వినండి. గోరువెచ్చని నీళ్లు. వేడినీళ్లు కాదు. అందులో గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు. బ్లీచింగు దగ్గరికి రానివ్వకూడదు. మా బోరు నీళ్లు ఆరితే తెల్లమరకలు కడతాయి కాబట్టి ఫిల్టర్ నీళ్లే వాడాను. పిల్లాడి సీసాకి నీళ్లు పట్టమంటే మూడుసార్లు పిలిపించుకునే మనిషి ఏడు లీటర్లు ఎలా పట్టాడన్న చర్చ ఆ పూట ఇంట్లో జరిగింది. దాన్ని మినిట్స్‌లో రాయలేదు.

అత్తగారు మొదట చింతపండు తెచ్చారు. అది ఇత్తడికండీ అన్నాను. తర్వాత ముగ్గుపిండి. అమ్మమ్మో! గరుకు పొడి ఏదైనా సరే, ఆఖరికి పళ్ల పేస్టు అయినా, బంతి నున్నదనాన్ని గీరేస్తుంది. చివరికి, "పోనీ కుంకుడు రసం? పట్టుచీరలకీ వెండికీ అదే కదా" అన్నారు. కాదనడానికి కారణం దొరకలేదు. అందుకే వినపడనట్టు ఊరుకున్నాను.

నల్లటి 8వ నంబరు బంతిని నీళ్లలో ముంచి బొటనవేలితో తిప్పాను. అంకె చుట్టూ ఉన్న తెల్ల గుండ్రం అంచున సన్నటి నీలం గీత, కాటుక చెదిరినట్టు. అది క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, కొసకి రాసే చాక్. పేరుకే చాక్. బడిలో బోర్డు మీద రాసే సుద్దకీ దీనికీ చుట్టరికం లేదు. ఇందులో ఉండేది సిలికాలాంటి రాపిడి పొడి. దానికి చేతి జిడ్డు, బల్ల గుడ్డ నూగు తోడై బంతికి పట్టుకుంటాయి. నీలం కరిగి నీళ్లలోకి పొగలా జారింది. లోపల గోటి నొక్కంత మచ్చ ఒకటి మిగిలింది. బంతి పక్కదానికి తగిలి 'టిక్' అంది. ఆ చప్పుడుకి మా ఆవిడ, పింగాణీ కప్పు పోయిందనుకుని, హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది.

తుడవడానికి మసిగుడ్డ ఇచ్చారు. తిరస్కరించాను. పాత బనియన్ ఇచ్చారు. అదీ తిరస్కరించాను. కారుకోసం కొన్న మైక్రోఫైబర్ గుడ్డ మాత్రమే ఆమోదం పొందింది. ఒక్క తెల్లబంతినే కడిగి మిగతావి వదిలేసేవాళ్లున్నారు. బంతిలో వలపక్షం పనికిరాదని మన పెద్దలు భోజనాల గురించి అన్నమాట దీనికీ సరిపోతుంది.

పొడి గుడ్డతో తుడుస్తూ ఇంటిల్లిపాదికీ కొంచెం చరిత్ర కూడా చెప్పాను. ఎవరూ అడగలేదు. ఒకప్పుడు ఈ బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. దంతానికి బదులు ఇంకేదైనా కనిపెడితే 10,000 డాలర్లిస్తామని 1863లో న్యూయార్క్‌లోని బిలియర్డ్స్ బల్లల కంపెనీ ఒకటి ప్రకటించింది. జాన్ వెస్లీ హయ్యట్ అనే ఆయన సెల్యులాయిడ్ చేశాడు. అందులో ముఖ్యమైన దినుసు కర్పూరం. ఇక్కడ అత్తగారు కళ్లకద్దుకోబోయారు. నిప్పు తగిలితే భగ్గుమంటుందని చెప్పాక ఆగారు. స్నూకరైతే మన జబల్‌పూర్‌లోనే 1875లో పుట్టింది, నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి చేతుల్లో (తర్వాత ప్రధాని అయినాయన కాదు, పేరొక్కటే). ఆ ఆటలో బంతి తుడవమని ఆటగాడు అడిగితే తెల్ల గ్లవ్స్ వేసుకున్న రెఫరీ వచ్చి తుడిచి పెడతాడు. మన ఫలక్‌నుమాలోనూ బిలియర్డ్స్ గది ఉంది. అంత వైభవం చూసిన ఊరే, 184 క్యారెట్ల జేకబ్ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడమూ చూసింది. వజ్రానికి లేని మర్యాద నేను ఆట బంతికి ఇస్తున్నానంటే, ఈ నగరం సంస్కారంలో ఎంత ముందుకొచ్చిందో చూడండి.

ఇప్పటి మంచి బంతులు ఫినోలిక్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి. అంటే బేకలైట్ వంశం: పాతకాలపు నల్ల స్విచ్చులు, ప్రెషర్ కుక్కర్ పిడీ అదే కుదురు. ఈ చివరి వాక్యం నేను చెప్పకుండా ఉండాల్సింది.

మెరుపు చాలలేదనిపించి, డిక్కీలో మిగిలిన కారు పాలిష్ కొంచెం పూశాను. ఆహా! ప్రతి బంతిలోనూ ట్యూబులైటు, దాని కింద నా మొహం. సోమవారం సాయంత్రం ఇంజినీరుగారు మూడు తేలికైన దెబ్బలు వరసగా తప్పారు. విషయం చిన్నదే. బంతి పక్కగా తగిలినప్పుడు ఆ రాపిడికి ఎదుటి బంతి దారి కాస్త పక్కకు తిరుగుతుంది. మురికి ఉంటే ఎక్కువ, జారుడైతే తక్కువ. ఆయన ఇన్నాళ్లూ మురికి లెక్కతోనే గురి చూస్తున్నారు. పైగా పూత దుమ్మును పట్టుకుంటుంది కూడా. మంగళవారం సంచి మళ్లీ మా ఇంటికొచ్చింది.

ఈసారి సింకులో బంతులకంటే ముందు ఇంకోటి కూర్చుని ఉంది. పప్పు అడుగంటిన కుక్కర్. పిడి నా వైపే తిరిగి ఉంది.

"మీ బంతుల చుట్టమేగా అండీ, దీనికీ కాస్త మెరుగు పెట్టండి" అంది మా ఆవిడ.

కుక్కర్ కొలతలు నిబంధనల్లో లేవని చెప్పాను. బంతి అడ్డుకొలత 57.15 మిల్లీమీటర్లు, కుక్కర్‌ది ఎంతో ఎవరు నిర్ణయించారు? అదీగాక తెల్ల గ్లవ్స్ లేకుండా ముట్టుకోవడం పద్ధతి కాదు. రెండు జతలు మంజూరు చేయాలని కమిటీకి లేఖ రాశాను. వచ్చే నెల సమావేశంలో ఎజెండాకి వస్తుంది.

అందాకా కుక్కర్ నానబెట్టి ఉంచాను.